అబ్బాయి ఏం చేస్తుంటాడు?

పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు అడిగే ప్రశ్నలన్నిటిలోకీ చిన్నదీ ఇదే, చిక్కైనదీ ఇదే. గోత్రానికి జవాబు తాతల నాడే తయారై ఉంటుంది. జాతకం సంగతి సిద్ధాంతిగారు చూసుకుంటారు. ఆస్తి సంగతి రిజిస్ట్రారు ఆఫీసులో తేలుతుంది. "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అన్నదానికి మాత్రం ఒక్క ముక్కలో జవాబు రావాలి. ఆ ముక్క వినగానే పెళ్ళికూతురి మేనత్తకు అర్థం కావాలి. కాకపోతే ఆ సంబంధం సగం తప్పిపోయినట్టే లెక్క.

మా వీధి చివర ఇంట్లో బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. మొన్నొక ఆదివారం నేనింకా పేపరు మడత విప్పకముందే మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆయన సగం తాగి, గ్లాసు కింద పెట్టి, అసలు సంగతిలోకి వచ్చారు.

"మాస్టారూ, మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. కుర్రవాడు మీ దగ్గర చదువుకున్నాడట."

పేరు చెప్పారు. గుర్తున్నాడు. మా కాలేజీలో బి.కాం. చదివాడు. తెలుగు క్లాసులో మూడో బెంచీలో కూచుని, నేను పద్యం చదువుతుంటే కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడని రెండుసార్లు లేపి నుంచోబెట్టాను కూడా.

"వాళ్ళ నాన్నేమో సౌండ్ ఇంజనీరంటాడు. బి.కాం. చదివినవాడు ఇంజనీరెలా అయ్యాడండీ? ఏ కంపెనీ అంటే కంపెనీ లేదంటాడు. పాటలకు మిక్సింగూ మాస్టరింగూ చేస్తాడట. ఫ్రీలాన్సట. అంటే ఏమిటన్నమాట? ఉద్యోగం లేదనేగా?"

నేను తెలుగు పంతుల్ని. మాట వినబడితే దాని పుట్టుక చెప్పకుండా ఉండలేను. "లాన్సంటే బల్లెమండీ. ఫ్రీలాన్సంటే ఏ రాజుకూ కట్టుబడకుండా, కూలి ఇచ్చినవాడి తరఫున యుద్ధం చేసే బల్లెగాడు. సర్ వాల్టర్ స్కాట్ 'ఐవాన్‌హో' నవలలో ఆ మాట వాడాడు" అన్నాను.

"బల్లెం సంగతి తరవాత చూద్దాం. నెలకెంత వస్తుంది?" అన్నారాయన.

నా దగ్గర జవాబు లేదు.

"మీరెలాగూ వచ్చేవారం సెమినారుకని హైదరాబాదు వెళుతున్నారట. ఒకసారి చూసి రండి. మీరు సరే అంటే నాకు సరే" అని మిగిలిన కాఫీ తాగేసి వెళ్ళిపోయారు.

చూశారా, ఎంత తేలిగ్గా అనేశారో! ఒక ఆడపిల్ల జీవితం తీసుకొచ్చి నా నాలుక చివర పెట్టి పోయారు. "బాగానే ఉన్నాడండీ" అని తోచిన మాట చెప్పే సంగతి కాదిది. అంచేత సెమినారు అయిన మర్నాడు ఫోను చేసి, "ఒరే నాయనా, నీ పని చూడాలని ఉంది, రావచ్చునా?" అన్నాను. వాడు సంతోషపడ్డాడు. "రండి మాస్టారూ. కాని రోజంతా ఉండాలి. గంటలో చూస్తే ఏమీ కనబడదు" అన్నాడు.

మెట్రోలో యూసుఫ్‌గూడ దగ్గర దిగి, నడిచి కృష్ణానగర్ వెళ్ళాను. సినిమా పని మీద బతికేవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది. ఏ టీకొట్టు దగ్గర నుంచున్నా అక్కడ ఒక కథ వినబడుతుంది. మావాడిది రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఒక గదిలో సంసారం, అంటే ఒక మంచం, గ్యాసు పొయ్యి. రెండో గదిలో వ్యాపారం.

ఆ రెండో గదిలో అడుగు పెట్టగానే నా మాట నాకే వేరుగా వినిపించింది. గోడలకు రాక్‌వూల్ పలకలు, వాటికి గుడ్డ చుట్టి బిగించాడు. మూలల్లో ఇంకా లావైనవి. బల్ల మీద కంప్యూటరు, దానికి అటూ ఇటూ రెండు స్పీకర్లు. ఆ రెండూ, వాడి తలకాయా కలిసి సమబాహు త్రిభుజం కావాలట. తలుపు సందులకు రబ్బరు పట్టీ. కిటికీకి ఒక మెరూన్ రంగు శాలువా వేలాడుతోంది. జరీ అంచు చూసి ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను.

"ఇంత హంగామా ఎందుకురా?" అన్నాను.

"గది అబద్ధం చెబుతుంది మాస్టారూ. మామూలు గదిలో బరువైన ధ్వని మూలల్లో పేరుకుంటుంది. అది విని, పాటలోనే బరువు ఎక్కువైందనుకుని నేను తగ్గించేస్తాను. తీరా ఆ పాట కారులో పెట్టుకుంటే మృదంగం అట్టపెట్టె మోగినట్టు ఉంటుంది. అందుకని ముందు గదిని నోరు మూయించాలి. అప్పటికీ నమ్మను. ఇక్కడ విన్నాక చిన్న స్పీకర్లలో, చెవిలో పెట్టుకునేవాటిలో, ఫోనులో, మా నాన్న కారులో, అయిదు చోట్ల వింటాను."

పని మొదలుపెట్టాడు. ఎవరో కుర్రాళ్ళు సొంతంగా చేసుకున్న జానపద బాణీ పాట. తెరమీద అడ్డంగా రంగురంగుల పట్టీలు. లెక్కపెడితే అరవై నాలుగు. గాయని గొంతు ఒక పట్టీ. కోరస్ ఎనిమిది. డప్పుకు నాలుగు మైకులు, నాలుగు పట్టీలు. గిటారు, పిల్లనగ్రోవి, కంప్యూటరులో పుట్టిన వాద్యాలు వగైరా. ఒక్కొక్కటీ విడిగా వినిపించాడు. విడిగా వింటే అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ కలిపి పెడితే మాత్రం రైలు కదలబోయే ముందు ప్లాటుఫారంలా ఉంది.

"పల్లవిలో పిల్లనగ్రోవి వినబడటం లేదంటున్నారు. ఏం చెయ్యమంటారు?" అని నన్నే అడిగాడు.

"పెంచు" అన్నాను.

పెంచాడు. పిల్లనగ్రోవి వినబడింది, గాయని మాట పోయింది. గాయని గొంతు పెంచాడు. డప్పు పోయింది. డప్పు పెంచాడు. మళ్ళీ మొదటికే వచ్చాం, కాకపోతే ఇంకా పెద్ద గోలతో. మా కాలేజీ స్టాఫ్ మీటింగు గుర్తొచ్చింది.

అప్పుడు అన్నీ యథాస్థానానికి తెచ్చి, గిటారు పట్టీ తెరిచాడు. మనిషి చెవి ఇరవై హెర్ట్‌జ్ నుంచి ఇరవై వేల దాకా వింటుందిగాని, అన్నిటినీ ఒకేలా వినదట. రెండువేలకూ నాలుగువేలకూ మధ్య దానికి పదునెక్కువ. మాటలో హల్లుల స్పష్టత చాలామటుకు ఆ ప్రాంతంలోనే ఉంటుంది. ఆ పాటలో గిటారూ, పిల్లనగ్రోవీ, గొంతూ మూడూ అక్కడే ఇరుక్కుని కూచున్నాయి. గిటారుకు రెండువేల అయిదువందల దగ్గర మూడు డెసిబెల్స్ కోశాడు. అంతే. పిల్లనగ్రోవి పైకి తేలింది. గాయని మాట అక్షరం అక్షరం వినబడింది. గిటారు తగ్గినట్టు కూడా తెలియలేదు.

"పిల్లనగ్రోవిని నేను ముట్టుకోలేదు మాస్టారూ" అన్నాడు నవ్వుతూ.

నాకు సంధి గుర్తొచ్చింది. రాముడు, అతడు అని రెండు మాటలు పక్కపక్కన పెడితే మధ్య అచ్చులు ఒకదానికొకటి అడ్డం పడతాయి. మొదటి మాట చివరి ఉకారం లోపిస్తే 'రాముడతడు' అని నోట సాఫీగా పలుకుతుంది. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠమే. దాన్ని చెవితో వినడం అదే మొదటిసారి.

మిక్సింగంటే ఇదీ. ఇంకా ఉంది. గాయని మెల్లగా అన్నమాటకూ, ఎత్తి పాడినమాటకూ మధ్య దూరం తగ్గించేది ఒకటి, కంప్రెసర్. ఏ వాద్యం కుడివైపు, ఏది ఎడమవైపు, ఏది ఎదురుగా, ఏది వెనక గుళ్ళో మోగినట్టుండాలి అని చోటు చూపించడం ఒకటి. అరవై నలుగురు చుట్టాల్ని ఒక పందిట్లో, ఎవరి ముఖమూ ముడుచుకోకుండా కూచోబెట్టడమే అనుకోండి.

వెనకటికి ఈ పని వేరుగా ఉండేది. 1902లో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ పాటను రికార్డు చేసిన రోజుల్లో మైకు లేదు. ఒక పెద్ద బాకా ఉండేది. గొంతు పెద్దదైతే గాయకుణ్ణి వెనక్కి జరిపేవారు, చిన్నదైతే ముందుకు నెట్టేవారు. ఆనాడు మిక్సింగంటే మనుషుల్ని జరపడమే. 1925 ప్రాంతంలో మైకులూ విద్యుత్ రికార్డింగూ వచ్చాయి. తరవాత టేపు మీద వేరువేరు పట్టీలు వచ్చాయి. బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' 1967లో వచ్చినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నవి నాలుగు పట్టీల యంత్రాలే. ఆ రికార్డుకు పనిచేసిన జెఫ్ ఎమెరిక్ అనే కుర్ర ఇంజనీరుకు 1968లో గ్రామీ ఇచ్చారు. ఇప్పుడు నాలుగు పట్టీలు ఒక్క డప్పుకే చాలటం లేదు.

గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకునేది. ఆ రికార్డులు తయారుకావడానికి జర్మనీ వెళ్ళాలి. అక్కడివాళ్ళకు ఇది ఎవరి పాటో తెలియాలిగదా! గాయని పేరు అలా నిలిచింది. బాకా ముందు ఆమెను సరైన దూరంలో నిలబెట్టినవాడి పేరు పాటలో ఉండదు. ఇవాళా ఉండదు.

మధ్యాహ్నం భోజనం చేశాం. తరవాత మాస్టరింగు చూపించాడు.

మిక్సింగు పూర్తయ్యాక అరవై నాలుగూ కలిసి ఒక పాటవుతుంది. ఆ పాటను లోకంలోకి పంపే ముందు చేసే ఆఖరి సంస్కారం మాస్టరింగు. ప్లేట్ల కాలంలో ఇది అక్షరాలా గాడి కోసే పని. మంద్రధ్వని ఎక్కువైతే గాడి వెడల్పయి ముల్లు ఎగిరిపడేది. అందుకని కోసేటప్పుడు మంద్రం తగ్గించి, మోగించేటప్పుడు అంతా మళ్ళీ పెంచుకునే పద్ధతి ఒకటి అమెరికాలో 1954లో ఖాయం చేశారు. 1982లో సీడీలు వచ్చాయి. సెకనుకు నలభై నాలుగువేల నూరు కొలతలు, ముల్లు లేదు, గాడి లేదు. ఎగిరిపడే భయం పోయింది. భయం పోయాక మనిషి ఏం చేస్తాడు? అరవడం మొదలుపెట్టాడు.

పక్కవాడి పాటకంటే నా పాట గట్టిగా ఉండాలి. ఇదే పోటీ. ధ్వనికి ఒక పైకప్పు ఉంది, దాన్ని దాటడానికి లేదు. అంచేత మెల్లగా ఉన్నవాటన్నిటినీ తెచ్చి కప్పుకు నొక్కేశారు. గుసగుసా కేకా ఒకే ఎత్తులో! 2008లో మెటాలికా వాళ్ళ 'డెత్ మాగ్నెటిక్' వచ్చినప్పుడు, మరీ నొక్కేశారు, పాట పగిలిపోతోందని శ్రోతలే గోల చేసి అర్జీ పెట్టుకున్నారు. అవే పాటలు ఒక వీడియో గేమ్‌లో నొక్కకుండా ఇచ్చారట, అవే బాగున్నాయన్నారు.

"ఇప్పుడా పోటీకి అర్థం లేదు మాస్టారూ. స్పాటిఫై, యూట్యూబ్ లాంటివి పాట ఎంత గట్టిగా ఉందో కొలుస్తాయి. స్పాటిఫైకి మామూలు కొలత మైనస్ పద్నాలుగు. నేను కష్టపడి మైనస్ ఎనిమిదికి తెచ్చి పంపాననుకోండి, వినేవాడి దగ్గర అదే ఆరు తగ్గించేస్తుంది. గట్టిదనం పోతుంది. నలిగినది నలిగినట్టే ఉంటుంది."

"మరి ఆ సంగతి చెప్పరాదా?"

వాడు జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. స్పీకర్లో పెట్టాడు. అవతలివాడి గొంతు: "బ్రో, బాగుంది, కాని ఇంకొంచెం గట్టిగా కావాలి. సాయంత్రానికి ఇచ్చెయ్." మావాడు ఒక్కమాట ఎదురాడలేదు. "సరే అన్నా. మొదటి భాగం మిగతా డబ్బు కూడా ఒకసారి చూడండి" అన్నాడు. అవతల ఫోను పెట్టేశారు. అది ఆ పాటకు ఏడో మార్పట. కంప్యూటరులో పేర్లు చూశాను. 'ఫైనల్', 'ఫైనల్ రెండు', 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్'. మా విద్యార్థుల ప్రతిజ్ఞల్లా ఉన్నాయి.

ఇక్కడ నాకు అసలు పని గుర్తొచ్చింది. "ఒరే, నీకు నెలకెంత వస్తుంది?" అని అడిగేశాను.

వాడేమీ దాచలేదు. కంప్యూటరు పక్కకు నెట్టి సొరుగులోంచి పొడుగాటి లెక్కల పుస్తకం తీశాడు. బి.కాం. ఊరికే పోలేదు. పాటకు మిక్సింగూ మాస్టరింగూ కలిపి ఎనిమిది వేలు. సగం ముందు, సగం పని ఇచ్చే ముందు. మార్పులు మూడుసార్లు ఉచితం, ఆపైన ప్రతిసారీ ఇంత. ఇది నియమం. కొన్ని నెలల్లో పది పాటలు వచ్చాయి. కొన్ని నెలల్లో ఒకటి. ఆషాఢంలో ఒకసారి అదీ లేదు. అందుకని వచ్చిన ప్రతి రూపాయిలోంచీ నాలుగోవంతు వేరే ఖాతాలో వేసి, లేని నెలల్లో దాంతో అద్దె కడతాడు. స్పీకర్ల అప్పు తీర్చేశాడు. గది పలకల అప్పు ఇంకో నాలుగు వాయిదాలుంది.

"పైగా యంత్రాలొచ్చాయి. ల్యాండర్ అని 2014లోనే వచ్చింది. పాట పంపితే మనిషి చెయ్యి పడకుండా నిమిషాల్లో మాస్టరింగు చేసి ఇచ్చేస్తుంది. ఇప్పుడు అలాంటివి ఎన్నో. చిన్నచిన్న పనులు కొన్ని అటే పోయాయి."

"నువ్వు భయపడటం లేదా?"

"భయమే మాస్టారూ. కాని ఇందాక ఫోను చేసినాయన గట్టిగా కావాలన్నాడు చూశారూ, ఆయనకు కావలసింది గట్టిదనం కాదు. పాట చరణంలో చప్పబడిపోతోందని ఆయన బాధ. ఆ మాట ఆయనకు చెప్పటం రాదు. చరణం ముందు ఒక్క క్షణం డప్పు తీసేస్తే, మళ్ళీ వచ్చేటప్పుడు దానంతటదే గట్టిగా వినబడుతుంది. ఆ పని చేసి పంపుతాను. ఆయన గట్టిగా ఉందంటాడు. యంత్రానికి గట్టిగా అని చెబితే గట్టిగానే చేస్తుంది."

పుస్తకం తిరగేస్తుంటే చివర కొన్ని పేజీలకు 'మనవాళ్ళు' అని శీర్షిక ఉంది. బంధువుల పెళ్ళి వీడియో పాట. ఊళ్ళో గుడి భజన పాటలు. స్నేహితుడి చెల్లెలి అరంగేట్రం. ఎదురుగా గంటలు వేసి ఉన్నాయి, సొమ్ము గడిలో అడ్డగీత. మూడో పేజీలో మా కాలేజీ పేరు కనబడింది.

అప్పుడు తెలిసింది నాకు ఆ మెరూన్ శాలువా ఎక్కడిదో.

మూడేళ్ళ క్రితం మా కాలేజీ వార్షికోత్సవానికి పిల్లలచేత ఒక స్వాగత గీతం పాడించి, ముందు నేనే సొంతంగా కట్టిన పద్యం ఒకటి చదివాను. రికార్డు చేసింది మా సెమినారు హాల్లో. దాన్ని వీడికి పంపి, "నాయనా, కాస్త సరిచేసి పంపు, మన కాలేజీ గదా" అన్నాను. పంపాడు. సభలో వేస్తే జనం చప్పట్లు కొట్టారు. "మాస్టారూ, మీ గొంతు గంటలా ఉందండీ" అని ఎంతమంది అన్నారో! నేనూ నమ్మాను. ఆ తరవాత రెండు పెళ్ళిళ్ళలోనూ, ఒక గృహప్రవేశంలోనూ అడక్కుండానే పద్యం చదివాను. వీణ్ణి పిలిచి శాలువా కప్పాం, ఒక జ్ఞాపిక ఇచ్చాం.

"ఆ మొదటిది ఉందా నీ దగ్గర? నేను పంపింది?" అన్నాను.

"ఎందుకు మాస్టారూ" అన్నాడు. పట్టుబట్టాను. పెట్టాడు.

అదొక మనిషి గొంతని చెప్పడానికి కాస్త ధైర్యం కావాలి. ముందుగా ఫ్యాన్ల హోరు. దాని కింద కరెంటు గుయ్‌మనే మోత. మన కరెంటు యాభై హెర్ట్‌జ్ గనక ఆ మోత యాభై దగ్గరా, నూరు దగ్గరా, నూట యాభై దగ్గరా కూచుంటుందట. ఒక్కొక్కచోటా సన్నగా కోసి తీశాడు. వెనకాల ఎవరో బెంచీ లాగారు. రెండో పాదంలో నేను దగ్గాను. మూడో పాదంలో ఊపిరి చాలక శ్రుతి జారింది. నాలుగో పాదం చివర నేను గంభీరంగా ఎత్తాననుకున్న చోట పిల్లలెవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నేను ఆనాడు వినలేదు.

ఆ పేజీలో మా కాలేజీ ఎదురుగా వేసిన గంటలు: ఇరవై ఆరు. సొమ్ము గడిలో అడ్డగీత.

"నన్నెందుకు అడగలేదురా?"

"మీ దగ్గర తీసుకుంటానా మాస్టారూ? శాలువా కప్పారుగా. కిటికీకి పనికొచ్చింది. సన్నధ్వనిని కాస్త ఆపుతుంది. మంద్రాన్ని మాత్రం ఆపదు లెండి."

వాడు ఎత్తిపొడవలేదు. నిజంగానే చెప్పాడు. అందుకే ఇంకా గుచ్చుకుంది. వడ్రంగి బల్ల చేసిస్తే డబ్బివ్వకుండా పంపుతామా? పాలవాడికి శాలువా కప్పుతామా? చేతికి తగిలే వస్తువైతే దానికి ధర ఉందని తెలుస్తుంది మనకు. చెవితో చేసిన పనికి ఆ లెక్క లేదు. కష్టం బాగా చేసినకొద్దీ, అసలు కష్టమే లేనట్టు కనబడుతుంది. నా గొంతే బాగుందనుకున్నాను గదా! ఆ రోజు దాకా ఈ కుర్రవాడు డబ్బు సంపాదిస్తాడా అని విచారణకు వచ్చిన నేనే, వాడి బాకీదారుల జాబితాలో మూడో పేజీలో ఉన్నాను.

సాయంత్రం టీ తాగుతూ ఇంకో తమాషా చూపించాడు. పదిహేనువేల హెర్ట్‌జ్ ధ్వని పెట్టి, "వినబడుతోందా?" అన్నాడు. నిశ్శబ్దం. "ఇంకా పెట్టలేదుగా" అన్నాను. "మోగుతోంది మాస్టారూ" అన్నాడు. నాకు నలభై ఆరు. వయసు వచ్చేకొద్దీ పైనుంచి ఒక్కొక్క మెట్టే ఊడిపోతుందట, అందరికీ. వాడికీ ఊడుతుంది. అందుకని చెవుల్ని బంగారంలా చూసుకుంటాడు. ఎనభై అయిదు డెసిబెల్స్ మోత రోజుకు ఎనిమిది గంటలు తట్టుకోవచ్చునట. మూడు పెరిగిన ప్రతిసారీ గంటలు సగమవుతాయి. నూరు దగ్గరికొచ్చేసరికి పావుగంటే. ఊరేగింపుల్లో డీజే నూరు దాటడం మామూలే గనక, వాడు ఊరేగింపులకు వెళ్ళడు. తప్పనిసరైతే చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుంటాడు. చుట్టాల్లో వాడికి పొగరని పేరు.

ఆ రాత్రే గౌతమి ఎక్కాను. రైలు కదిలాక ఫోను తీసి ఎనిమిది వేలు పంపాను. వార్షికోత్సవం ఖర్చులో ఇప్పుడు అడిగితే ప్రిన్సిపాలుగారు నవ్వుతారు గనక నా జేబులోంచే పంపాను. నిజం చెప్పొద్దూ, తిరిగి పంపిస్తాడేమోనని అరగంట చూశాను. పంపలేదు. రసీదు పంపాడు. 'స్వాగత గీతం, మిక్సింగు, మాస్టరింగు, ముట్టినది' అని. ఆ రసీదు చూశాకే వాడి మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది.

మర్నాడు మేనేజరుగారింటికి వెళ్ళాను. చూసిందంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆదాయం స్థిరంగా లేదు. ఉండదు కూడా. యంత్రాల పోటీ ఉంది. లెక్కలు మాత్రం మీ బ్యాంకులో కూడా అంత శుభ్రంగా ఉండవు. అప్పు నాలుగు వాయిదాలు. దురలవాట్లు లేవు. ఓర్పు ఉంది. ఏడోసారి మార్చమన్నవాణ్ణి కూడా విసుక్కోలేదు.

"ఈ పనిలో పైకొచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నారు.

"చెన్నైలో హెచ్. శ్రీధర్ అని ఉండేవారు. రెహమాన్ పాటలకు పనిచేశారు. 'లగాన్'తో సహా నాలుగు జాతీయ బహుమతులు. 2008లో పోయారు. 2009లో రసూల్ పూకుట్టికి 'స్లమ్‌డాగ్ మిలియనేర్' సౌండ్ మిక్సింగుకు ఆస్కారే వచ్చింది" అన్నాను.

"మనవాడికి వచ్చిందా?"

"ఇంకా లేదండీ."

లోపలినుంచి అమ్మాయి వచ్చింది. సెలవు మీద ఇంటికి వచ్చిందట. "మాస్టారూ, రోజంతా పాటలు విని విని సాయంత్రానికి ఆయన చెవులు అలిసిపోవా? ఇంట్లో మనిషి మాట్లాడితే వింటాడా?" అని అడిగింది.

వాళ్ళ నాన్న వేసిన ప్రశ్నలన్నిటికంటే ఇది మంచి ప్రశ్న. ఆలోచించి చెప్పాను: "అలిసిపోతాయమ్మా. గంట పనికి పది నిమిషాలు ఊరుకుంటాడు. ఊరుకున్నప్పుడు మాట్లాడితే మాత్రం, నువ్వు అన్నది కాదు, నువ్వు చెప్పదలచుకున్నది కూడా వింటాడని నాకు తోచింది." ఆ పిల్ల ఏమీ అనలేదు. తల ఊపి లోపలికి వెళ్ళింది. వాళ్ళమ్మ ముఖం విచ్చుకుంది.

మేనేజరుగారు చాలాసేపు కుర్చీ చెయ్యి నిమురుతూ కూచున్నారు. చివరికి, "సరే మాస్టారూ. జీతం రాళ్ళు లేకపోయినా లెక్కలున్నాయన్నారు, అమ్మాయికీ ఉద్యోగం ఉంది. సర్దుకుంటారు" అన్నారు.

నేను లేవబోతూ, ఉన్నమాట చెప్పడం మంచిదని, "ఒక్క షరతు ఉందండీ. పెళ్ళి ఊరేగింపులో డీజే ఉండకూడదట" అన్నాను.

మేనేజరుగారి ముఖంలో అప్పటిదాకా లేని ఆందోళన కనబడింది.

"డీజే లేకుండా ఊరేగింపేమిటండీ! మా బావమరుదులు ఏమనుకుంటారు? వీధి చివరకు కూడా వినబడకపోతే పెళ్ళి జరిగినట్టు ఎవరికి తెలుస్తుంది?"

రెండు వారాలైంది. జాతకాలు కుదిరాయి, కట్నకానుకల ప్రసక్తి అబ్బాయే వద్దన్నాడు, మేనత్తకు కూడా నచ్చజెప్పారు. బేరమంతా ఇప్పుడు డెసిబెల్స్ దగ్గర ఆగింది. నాదస్వరం, డోలు చాలునని నేనంటున్నాను. ఆ మేళగాళ్ళకు కూలి ముందే ఇచ్చెయ్యమని కూడా అంటున్నాను.